కొండ కుడివైపే ఉందా? సింహాద్రి గిరి ప్రదక్షిణలో దారి గుర్తులు చదవడం ఎలా?

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం కొండ చుట్టూ నడిచేవాళ్లకు దారి చూపించడమేమిటి అని మీకు అనిపించవచ్చు. ముందూ జనమే, వెనకా జనమే. అడుగు కదిపితే చాలు, 32 కిలోమీటర్లూ వాళ్లే నడిపించేస్తారు. అది చాలావరకు నిజమే. కానీ ఒక్కసారి ఆ జనంలోంచి పక్కకు తప్పుకుని చూడండి. కాలకృత్యాలకో, చెప్పు తెగితే కుట్టించుకోవడానికో, తెలిసినవాళ్లింట్లో కాసేపు నడుం వాల్చడానికో ఒక సందులోకి వెళ్లి, మరో సందులోంచి బయటికొస్తారు. రాత్రి ఒంటిగంట. రోడ్డు మీద తెల్ల సున్నంతో ఒక బాణం. పక్క గోడ మీద సుద్దతో ఇంకో బాణం, అది ఇటు కాదు అటు అంటోంది. కరెంటు స్తంభం మీద ఏవో అంకెలు. చెట్టుకు ఎర్ర పట్టీ. వీటిలో మీకోసం రాసింది ఏది?

పండగకు ముందే, మామూలు రోజుల్లో దారిని ముక్కలు చేసుకుని నడిచి కాళ్లకు అలవాటు చేసుకునేవాళ్లకు ఈ ప్రశ్న మరీ పెద్దది. అప్పుడు జనం ఉండరు, పులిహోర పొట్లాలిచ్చే శిబిరాలుండవు. ఉండేదల్లా గుర్తులే. మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం, ఆ గుర్తులను ఎలా చదవాలో వరసగా చెబుతాను.

ముందు నాలుగు పక్కలూ నోటికి రావాలి

అరుణాచలంలో గిరి ప్రదక్షిణ దారి 14 కిలోమీటర్లు. ఇంద్ర లింగం మొదలు ఈశాన్య లింగం దాకా ఎనిమిది దిక్కులా ఎనిమిది గుళ్లున్నాయి. ఒకటి దాటితే రెండోది ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లినా చుట్టు పూర్తవుతుంది. మన సింహాద్రి అప్పన్న కొండకు అలాంటి సౌకర్యం లేదు. కొండ చుట్టూ నగరం పెరిగిపోయింది. దారిలో జాతీయ రహదారి ఉంది, బీచ్ రోడ్డు ఉంది, కాలనీల అడ్డరోడ్లున్నాయి, ఫ్లైఓవర్ ఉంది. అందుకే ఊళ్ల పేర్లే మనకు లింగాలు. వాటిని వరసగా కంఠస్థం చేయాలి.

కొండకు ఉత్తరాన, మెట్ల దారి మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరతాం. అడవివరం, పైనాపిల్ కాలనీ, ముడసర్లోవ, హనుమంతవాక. అక్కడ జాతీయ రహదారి దాటి విశాలాక్షినగర్, జోడుగుళ్లపాలెం, అప్పుఘర్. సముద్రం దగ్గరి నుంచి ఎంవీపీ డబుల్ రోడ్డు మీదుగా వెంకోజీపాలెం, ఇసుకతోట. మళ్లీ రహదారి దాటి హెచ్‌బీ కాలనీ, కైలాసపురం, మాధవధార, మురళీనగర్, ఆర్ అండ్ బీ జంక్షన్, ఎన్ఏడీ. అక్కడి నుంచి పైకి తిరిగి గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల, మళ్లీ సింహాచలం.

దీన్ని ఫోనులో ఉంచుకుంటే చాలదు. ఒక తెల్ల కాగితం మీద మీ చేత్తో మీరే గీయండి. మధ్యలో కొండ, చుట్టూ పేర్లు. ఉత్తరం నుంచి తూర్పుకు, తూర్పు నుంచి దక్షిణానికి, అక్కడి నుంచి పడమర మీదుగా మళ్లీ ఉత్తరానికి. చేత్తో గీసిన పటం తలలో నిలబడుతుంది. ఫోను చార్జింగు అయిపోయాక, వాన పడుతున్నప్పుడు, కళ్లు మూతలు పడుతున్నప్పుడు పనికొచ్చేది తలలో ఉన్న పటమే.

అన్ని గుర్తులకూ పైన ఒక్కటే సూత్రం

ప్రదక్షిణలో స్వామి కుడివైపు ఉండాలి. ఇక్కడ కొండే స్వామి. కాబట్టి మీరు ఎక్కడున్నా, ఏ బాణం ఏమి చెప్పినా, ఆ బాణం పట్టుకుని నడిస్తే కొండ మీ కుడి చేతి వైపు ఉంటుందా అని చూడండి. ఉంటే అది మీ బాణం కావచ్చు. ఎడమవైపుకు వస్తుంటే ఆ బాణం ఎంత కొత్త రంగుతో మెరుస్తున్నా మీది కాదు.

దీనికి రెండు చోట్ల జాగ్రత్త కావాలి. జోడుగుళ్లపాలెం దాటి సముద్రం ఒడ్డున నడుస్తున్నప్పుడు కుడివైపు ఎత్తుగా కనిపించేది కైలాసగిరి, సింహగిరి కాదు. అక్కడ సూత్రాన్ని తిప్పి చెప్పుకోవాలి: సముద్రం ఎడమవైపు. ఈ దారిలో సముద్రం తగిలేది ఆ ఒక్కచోటే. అది కుడివైపు ఉందంటే మీరు వెనక్కి నడుస్తున్నట్టే. రెండోది ఎంవీపీ, ఇసుకతోట, హెచ్‌బీ కాలనీ భాగం. మేడల మధ్య కొండ కనిపించదు. అక్కడ ఊళ్ల వరసను నమ్ముకోవాలి.

మబ్బు లేకపోతే చంద్రుడు కూడా సాయపడతాడు. చతుర్దశి చంద్రుడు సూర్యాస్తమయానికి కొంచెం ముందే తూర్పున లేస్తాడు. మధ్యాహ్నం స్వామి పుష్పరథం వెంట బయలుదేరినవాళ్లకు హనుమంతవాక వైపు నడుస్తుంటే ఎదురుగా కనిపిస్తాడు. ఆషాఢంలో నిండు చంద్రుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు కాబట్టి, అర్ధరాత్రి వేళ మాధవధార నుంచి ఎన్ఏడీ వైపు పడమరగా పోతుంటే మీ ఎడమ భుజం మీదుగా ఉంటాడు. తెల్లవారుజామున గోపాలపట్నం నుంచి సింహాచలం వైపు ఉత్తరంగా నడిచేటప్పుడు పడమటికి దిగుతూ అప్పుడూ ఎడమవైపే. కుడివైపు కొండ, ఎడమవైపు చంద్రుడు. ఆషాఢం వానల నెల, మబ్బు పడితే ఈ లెక్క ఉండదు. కనిపించిన రాత్రి మాత్రం ఇంతకు మించిన దారి గుర్తు లేదు.

గుర్తు కనిపించగానే మూడు ప్రశ్నలు

ఎవరు వేశారు? ఎవరికోసం వేశారు? ఎప్పుడు వేశారు? ఈ మూడింటికీ జవాబు తోచాకే కాలు కదపండి.

స్పెయిన్‌లో శాంటియాగో యాత్రాదారి ఉంది. అక్కడ దారంతా పసుపు రంగు బాణాలు. ఓ సెబ్రెయిరో అనే కొండ ఊరి చర్చి ఫాదరు ఎలియాస్ వలిన్యా 1984లో రంగు డబ్బా పట్టుకుని ఆ బాణాలు వేయడం మొదలుపెట్టారు. ఒకే రంగు, ఒకే అర్థం. పసుపు బాణం కనిపిస్తే యాత్రికుడు ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. మన దారిలో ఆ పరిస్థితి లేదు. ఇక్కడ పోలీసులు వేస్తారు, దేవస్థానం వేస్తుంది, కార్పొరేషను వేస్తుంది, కరెంటు వాళ్లు వేస్తారు, మొక్కుకున్నవాళ్లు వేస్తారు. గోడ ఒకటే, చేతులు పది. మన దారికీ ఒక రంగు కేటాయించి, ఏడాది పొడవునా చెరగని గుర్తులు పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అది జరిగేదాకా ఎవరి చేయి ఏదో పోల్చుకోవడమే మార్గం.

బాణాలు ఎవరెవరివి?

బీచ్ రోడ్డు మీద తారుపై రంగుతో బాణం, పక్కన 5 అనో 10 అనో 21 అనో అంకె కనిపిస్తే అది పరుగు పందెం వాళ్లది. విశాఖ నేవీ మారథాన్ లాంటి పరుగులు ఈ రోడ్డు మీదే జరుగుతాయి. 21 అంటే సగం మారథాన్ కిలోమీటర్లు. ప్రదక్షిణలో 21వ కిలోమీటరుకు వచ్చేశామని సంబరపడకండి. పరుగు బాణాలు కొన్నిచోట్ల ఒకదానికొకటి ఎదురెదురుగా కూడా ఉంటాయి, వాళ్లు ఒక చోట వెనక్కి తిరుగుతారు కాబట్టి.

కాలనీల్లో, ముఖ్యంగా హెచ్‌బీ కాలనీ, మురళీనగర్ లాంటి చోట్ల ఇంటి గోడ మీద, గుమ్మం పక్కన సుద్దతో చిన్న బాణం, దాని పక్కన ఇంగ్లీషు పి అక్షరమో, గుణకారం గుర్తో, తేదీయో ఉంటే అది పల్స్ పోలియో బృందానిది. ఇంటింటికీ తిరిగి చుక్కల మందు వేసే కార్యకర్తలు ఏ ఇల్లు అయిందో, ఏది మిగిలిందో, తర్వాత ఏ వైపు వెళ్లారో అలా రాసిపెట్టుకుంటారు. ఆ బాణం చూపేది పక్కింటికి. యాత్రికుణ్ణి అది కాలనీ అంతా తిప్పి మొదటికే తెస్తుంది.

స్తంభాలకు, చెట్లకు అంటించిన కాగితం బాణాలుంటాయి. ఎర్ర అక్షరాలతో ఇద్దరి పేర్లు, కింద ఫంక్షన్ హాలు వైపు బాణం. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి అవన్నీ జ్యేష్ఠంలో అయిపోయిన పెళ్లిళ్లవే. చూడగానే తీసేయదగ్గ గుర్తులివి.

రోడ్డు అంచున నీలం, ఎరుపు, పసుపు రంగుల్లో గీతలు, మధ్యలో అంకెలు, అక్కడక్కడ బాణాలు ఉంటే తవ్వకం పని. నీటి గొట్టమో, కేబులో, గ్యాసు లైనో ఎక్కడ పోతోందో, ఎక్కడ తవ్వాలో కూలీలకు చూపడానికి వేసినవి. ఈ బాణాలు కాలిబాట కిందికో, కాలువలోకో చూపిస్తుంటాయి. మనిషి నడిచే చోటికి తీసుకెళ్లని బాణం యాత్రికుడిది కాదు.

పండగ కోసం వేసినవి మూడు రకాలు. ఒకటి, బోర్డులు, ఫ్లెక్సీలు: స్వామి బొమ్మ, గిరి ప్రదక్షిణ అనే మాట ఉంటాయి. వీటిని నమ్మండి, కానీ తిథి పక్కన సంవత్సరం చూడండి. పోయినేటి ఫ్లెక్సీ గాలికి తిరిగిపోయి, పక్కకు చూస్తూ వేలాడుతుండొచ్చు. 2025లో ప్రదక్షిణ జూలై 9న జరిగింది. ఆ తేదీ ఉన్న బోర్డు ఈ ఏడాది మీకు దారి చెప్పకపోవచ్చు. రెండు, పోలీసుల బారికేడ్లు, వాటి మీది బాణాలు. ఆ రోజుకు అవే శాసనం. ట్రాఫిక్ మళ్లింపు బట్టి అడ్డరోడ్డు మారినా మారొచ్చు, మారినప్పుడు వాదించకండి. మూడు, స్వచ్ఛందంగా సేవ చేసేవాళ్లు ముగ్గుపిండితోనో సున్నంతోనో వేసిన బాణాలు. ప్రేమతో వేసినవే గానీ, ఒక్క జల్లుకు కొట్టుకుపోతాయి. సగం చెరిగిన బాణం ములుకు ఎటుందో తేల్చుకోలేకపోతే దాన్ని లేనట్టే అనుకోండి.

చెట్లు, స్తంభాలు, రాళ్లు

అడవివరం దాటాక రోడ్డు పక్క చెట్ల మొదళ్లకు తెలుపు, ఎరుపు పట్టీలు కనిపిస్తాయి. రాత్రి బండ్ల లైట్లకు చెట్టు కనబడాలని, చెద పట్టకూడదని వేసే సున్నం, జేగురు అవి. వాటిలో సందేశమేమీ లేదు. చెట్టు మీద అంకె రాసి ఉంటే అది లెక్క కోసం. రోడ్డు వెడల్పు చేయాలన్నా, కొమ్మలు నరకాలన్నా ముందు చెట్లను లెక్కించి అంకె వేస్తారు. మన రాష్ట్రంలో చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. 112, 113, 114 అని అంకెలు వరసగా పెరుగుతుంటే అది దూరం అనిపించడం సహజం. కిలోమీటర్లు అయితే రెండు చెట్ల మధ్య ఒక్కటి పెరగదు గదా.

ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ చెట్లను ఊడబెరికి పారేసింది. పెద్దవాళ్లు చెప్పే పాత ఆనవాళ్లలో, ఫలానా మర్రి దగ్గర తిరగాలి, ఫలానా రావి దాటాలి అన్నవాటిలో చాలా చెట్లు ఇప్పుడు లేవు. తాతగారి దారి చెప్పే తీరు గొప్పదే, కానీ ఆయన చెప్పిన చెట్టు ఉందో లేదో పగటిపూట ఒకసారి చూసుకోండి.

కరెంటు స్తంభాల మీది అంకెలు విద్యుత్ పంపిణీ సంస్థవి. అవి దారి చెప్పవు, కానీ మరో పని చేస్తాయి. మీ వాళ్లలో ఒకరు స్పృహతప్పి పడిపోయినప్పుడు, ఎక్కడున్నారని ఫోనులో అడిగితే చుట్టూ చీకట్లో ఏం చెబుతారు? దగ్గరి దుకాణం పేరుతో పాటు ఆ స్తంభం అంకె కూడా చెప్పండి. స్థానికులు, కరెంటు సిబ్బంది ఆనవాలు పట్టే వీలుంటుంది.

కిలోమీటరు రాళ్ల రంగు తెలిసి ఉంటే సందేహం సగం తీరుతుంది. పైన పసుపు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నలుపు ఉంటే నగరం, జిల్లా రోడ్లు, నారింజ ఉంటే గ్రామీణ రోడ్డు. హనుమంతవాక దగ్గర, ఇసుకతోట దగ్గర మీరు దాటేది పసుపు రాళ్ల రోడ్డు. దాని మీద ఒకచోట 16 అని, ఇంకెక్కడో పాత రాయి మీద 5 అని ఉంటే కంగారుపడకండి. రెండూ ఒకటే. కోల్‌కతా నుంచి చెన్నై పోయే ఆ రోడ్డుకు 2010లో అంకె మారింది.

పొట్టి రాతి దిమ్మెల మీద ఇంగ్లీషు అక్షరాలుంటాయి. కేబులు, గ్యాసు, చమురు గొట్టాల ఆనవాళ్లవి. పసుపో నారింజో రంగు పూసిన గొట్టపు దిమ్మెల పక్కన నిప్పు వెలిగించకండి, కర్పూరం కూడా వద్దు.

పసుపు, కుంకుమ, రాళ్ల గుట్టలు

భక్తుల చేతి గుర్తులు వేరు. రాతి మీద పసుపు రాసి బొట్లు పెట్టి ఉంటాయి, చెట్టుకు ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది, చిన్న ఊయల వేలాడుతుంటుంది, రాయి మీద రాయి పేర్చి ఉంటుంది. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమలు అద్దుకుంటూ ఎక్కే మొక్కు సింహాచలం మెట్ల మీద, తిరుమల మెట్ల మీద మనం చూస్తూనే ఉంటాం. ఇల్లు కట్టుకోవాలని కోరుకునేవాళ్లు మన కొండ గుళ్ల దారుల్లో రాళ్లు పేరుస్తారు. పిల్లలు కావాలని మొక్కినవాళ్లు ఊయల కడతారు.

కొత్తగా కొండలెక్కడం మొదలుపెట్టిన కుర్రాళ్లు ఈ రాళ్ల గుట్టలను చూసి దారి గుర్తులనుకుంటారు. వేరే దేశాల కొండదారుల్లో గుట్ట అంటే దారే కాబట్టి ఆ పొరపాటు అర్థం చేసుకోదగ్గదే. ఇక్కడ అది ఒక కుటుంబం కోరిక. దాన్ని కాలితో తన్నకండి, కూల్చి మరోచోట పేర్చకండి. కోరిక చెప్పుకున్నవాళ్లు ఎవరో మీకు తెలియదు, కానీ మీరూ ఏదో ఒకటి కోరుకునే బయలుదేరి ఉంటారు.

మాధవధార దగ్గర ఇంకో చిక్కుంది. అక్కడి నుంచి కొండ మీదుగా సింహాచలం చేరే పాత దారి ఒకటి ఉంది. రాళ్ల మీద రంగు బాణాలు పైకి చూపిస్తుంటే అవి ఆ దారివి. పుణ్యానికి లోటు లేదు, కానీ అది కొండను దాటడం, చుట్టడం కాదు. ప్రదక్షిణలో ఉన్నవాళ్లు రోడ్డు వదలకూడదు. కొండదారి చూడాలనుకుంటే మరో రోజు, పగలు, ఆ ఊరివాళ్లను తోడు తీసుకుని వెళ్లండి.

సింహాచలం అనే బోర్డును గుడ్డిగా నమ్మకండి

మొదటిసారి నడిచేవాళ్లను ఎక్కువగా తప్పు దోవ పట్టించేది గోడ మీద గీత కాదు, ప్రభుత్వం పెట్టిన పెద్ద బోర్డు. సింహాచలం అని రాసి బాణం ఉంటుంది. పర్యాటక స్థలాలకు పెట్టే గోధుమరంగు బోర్డైనా, రహదారి బోర్డైనా అది చూపించేది గుడికి దగ్గరి దారి, బండ్లు పోయే దారి. మనం పోయేది దూరపు దారి. హనుమంతవాకలో నిలబడి సింహాచలం ఎటు అని చూస్తే, బోర్డు మీరు ఎటునుంచి వచ్చారో అటే చూపిస్తుంది. ఫోనులో పటం పెట్టుకుని సింహాచలం అని కొడితే అదీ అంతే చేస్తుంది.

ఇంకో చిన్న ఉచ్చు కూడా హనుమంతవాకలోనే ఉంది. కుడికి తిరిగి జాతీయ రహదారి పట్టుకుంటే కాసేపట్లో వెంకోజీపాలెం వచ్చేస్తుంది. సముద్రం వైపు వెళ్లాల్సిన పనే లేదు. కొండ కుడివైపే ఉంటుంది కూడా, కాబట్టి మన సూత్రం ఇక్కడ హెచ్చరించదు. కాగితం మీది పటమే హెచ్చరించాలి: విశాలాక్షినగర్ ఏది, జోడుగుళ్లపాలెం ఏది, అప్పుఘర్ ఏది? సముద్రస్నానం ఈ ప్రదక్షిణలో భాగంగా చాలామంది పాటిస్తారు. ఆ మూడు పేర్లూ పోయాయంటే మీకు సముద్రం దక్కలేదు.

గోపాలపట్నం చేరాక సింహాచలం పేరుతోనే రైల్వే స్టేషను ఉంది. బోర్డు చూసి వచ్చేశామనుకుని కాళ్లు కూలబడతాయి. గుడి అక్కడికి ఇంకా కొన్ని కిలోమీటర్లు. ప్రహ్లాదపురం, గోశాల మిగిలే ఉన్నాయి.

మనిషిని అడగడం ఒక విద్య

అదే కారణం చేత, ఎవరినైనా దారి అడిగేటప్పుడు "సింహాచలం ఎలాగెళ్లాలి?" అని అడగకండి. టీ కొట్టు ఆయన, ఆటో డ్రైవరు మీ కాళ్ల మీద జాలితో దగ్గరి దారి చెబుతారు. వాళ్ల తప్పేం లేదు. మీ పటంలో తర్వాతి పేరు అడగండి. "బాబూ, మాధవధార ఎటెళ్లాలి?" "అమ్మా, ప్రదక్షిణోళ్లు ఎటునుంచి ఎల్తన్నారు?" అని. రెండో ప్రశ్నకు ఉత్తరాంధ్రలో వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ సరైనదే, ఎందుకంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒక ఏడాది నడిచినవాళ్లే ఉంటారు.

చెప్పినవాళ్లు చేయి చూపిస్తే ఆ చేయి చూడండి, నోటి మాట కంటే. ఎడమ, కుడి అనేవి ఎదురుగా నిలబడ్డప్పుడు తారుమారవుతాయి. వెళ్లేముందు ఒకసారి "కొండ ఇటే గదండీ కుడిపక్కన?" అని అడిగి ఖాయం చేసుకోండి. 

ఒక్క గుర్తుతో మలుపు తిరగొద్దు

ఇది నా పట్టుదల. మలుపు దగ్గర ఒక బాణం కనిపించి, అది మీదే అనిపించినా, తిరిగాక అయిదు నిమిషాల నడకలో రెండో సాక్ష్యం దొరకాలి. మరో బాణం కావచ్చు, చెప్పుల్లేకుండా నడుస్తున్న మరో గుంపు కావచ్చు, రోడ్డు పక్క మజ్జిగ పీపా కావచ్చు, కుప్పగా పడ్డ నీళ్ల ప్యాకెట్లు, కొబ్బరి పీచు కావచ్చు. పండగ రాత్రి జనం వదిలిన చెత్తే కొన్నిసార్లు అన్నింటికన్నా నిజాయితీగల గుర్తు. అది కనిపించకపోతే బాధపడకుండా వెనక్కి వచ్చి, ఖాయంగా తెలిసిన ఆఖరి చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. అయిదు నిమిషాలే పోతాయి. ముందుకే పోయి ఎక్కడో కలుస్తుందిలే అనుకుంటే గంట పోతుంది, అప్పటికే ఎనిమిది గంటలు నడిచిన కాళ్లకు ఆ గంట చాలా బరువు.

వెంట ఉంచుకోవాల్సినవి త్వరగా చెప్పేస్తాను: చిన్న టార్చి, మీరు గీసిన పటం ప్లాస్టిక్ కవరులో, నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. ఉత్తి కాళ్లతో నడిచేవాళ్లయితే టార్చి రోడ్డుకే వేయండి, గోడలకు కాదు. పగిలిన చిప్ప ముక్క గుచ్చుకుంటే గుర్తులు చదివే ఓపిక మిగలదు.

మీ వాళ్లకోసం మీరు గుర్తు పెట్టాలంటే

పదిమంది కలిసి బయలుదేరితే గోశాల చేరేసరికి నాలుగు ముక్కలవుతారు. వెనక వచ్చేవాళ్లకు ఆనవాలు పెట్టాలంటే బియ్యప్పిండి వాడండి. చీమలు తింటాయి, వాన కడుగుతుంది, ఎవరి గోడా పాడవదు. మలుపుకు అవతల పెట్టండి, మలుపుకు ముందు కాదు. తిరిగినవాడికి తిరగడం సరైనదేనని చెప్పేదే మంచి గుర్తు. మీ ఇంటిపేరు మొదటి అక్షరం లాంటిది కలపండి, లేకపోతే మీ బాణం పరాయివాళ్లకు కొత్త చిక్కు అవుతుంది.

నూనె రంగులు, స్ప్రే డబ్బాలు వద్దు. చెట్టుకు మేకు వద్దు. రాతి మీద, ముఖ్యంగా గుడి రాతి మీద ఏ గీతా వద్దు. సింహాచలం గోడల మీద, స్తంభాల మీద కులోత్తుంగ చోళుడి కాలం, అంటే 1098 ప్రాంతం నుంచి శాసనాలున్నాయి. 1516లో వచ్చిన కృష్ణదేవరాయలు వేయించినదీ ఉంది. దానం చేసినవాళ్లు, దీపం పెట్టినవాళ్లు, ఆవుల్ని ఇచ్చినవాళ్లు తమ గుర్తులు అలా వదిలి వెళ్లారు. వాటిని చదవడానికి పండితులు ఏళ్లు వెచ్చించారు. వాటి పక్కన మన పేరు గీకితే, ఉన్న అక్షరం ఒకటి శాశ్వతంగా పోవచ్చు.

ఆఖరి గుర్తు దగ్గర

గోశాల దాటాక బోర్డులు ఒక్కసారిగా ఎక్కువవుతాయి: దర్శనం క్యూ, ఘాట్ రోడ్డు బస్సులు, పార్కింగు, ప్రసాదం కౌంటరు. అలసిన కళ్లకు అన్నీ ఒకే మాట చెబుతున్నట్టుంటాయి. క్యూ అని బాణం కనిపించగానే చాలామంది అటే ఎక్కేస్తారు. ఆగండి. చుట్టు పూర్తయ్యేది కొండ మీద కాదు, కింద, తొలిపావంచా దగ్గర. మీరు వేరే చోట, అంటే మీ ఇంటికి దగ్గరని ఎన్ఏడీలోనో అడవివరంలోనో మొదలుపెట్టి ఉంటే, అదే చోటికి చేరాలి. మొదలుపెట్టిన చోటు ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే రాత్రి మసకలో పోల్చుకోవడం తేలిక.

తొలిపావంచా దగ్గర రెండో కొబ్బరికాయ కొట్టండి. ఆ తర్వాత దర్శనం బోర్డు వెతకండి. మర్నాడు ఆషాఢ పౌర్ణమి, అక్షయ తృతీయ చందనోత్సవం నాడు మొదలైన చందన సమర్పణలో నాలుగో విడత స్వామికి అందే రోజు. దర్శనానికి జనం బాగా ఉంటారు. రాత్రంతా నడిచినవాళ్లు ముందు కాళ్లు కడుక్కుని, ఏదైనా తిని, కాసేపు కూర్చుని, వెయ్యి మెట్లెక్కే ఓపిక ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఘాట్ రోడ్డు బస్సు బోర్డు ఆ ఒక్కసారికి మీకోసం పెట్టినదే.